ఇంట్లో నగల శుభ్రత: ఏ లోహానికి ఏ పద్ధతి?

సరిహద్దు పల్లెలలో నగ అలంకారం మాత్రమే కాదు, అక్కరకు ఆదుకొనే ధనం కూడా. విత్తనాలకో, పిల్లల చదువుకో కుదువ పెట్టినపుడు దాని తూకానికీ, స్వచ్ఛతకూ వెల కడతారు. కనుక శుభ్రపరిచే తొందరలో లోహం అరిగిపోకుండా చూసుకోవడం ముఖ్యం.

బంగారం: 916 ముద్ర గల నగలో నూటికి 91.6 పాళ్ళు బంగారం, మిగిలినది రాగి, వెండి వంటి లోహాలు. బంగారం తుప్పు పట్టదు. చెమట, నూనె, పసుపు, సబ్బు పేరుకొని కాంతి తగ్గుతుంది. నాలుగైదు కుంకుడుకాయలను గింజ తీసి గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ఆ నురుగులో నగను కొంతసేపు ఉంచి, మెత్తని బ్రష్‌తో మృదువుగా రుద్దాలి. హోసూరు అంగళ్ళలో దీనిని తమిళంలో పూందికొట్టె అనీ, కన్నడంలో అంటువాళ అనీ అడగవచ్చు. రాయి ఊడినా కొట్టుకుపోకుండా గిన్నెలోనే కడిగి, నూలుగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. పళ్ళపొడి, ఇసుక, బూడిద గీతలు పెడతాయి. పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుంది.

వెండి: మెట్టెలు, కాలిగొలుసులు నల్లబడడానికి కారణం గంధకం. గులాబీ, మామిడి తోటలలో బూడిద తెగులుకు గంధకపు మందు చల్లే రోజులలో వెండి నగలు తీసి ఉంచడం మంచిది. నల్లబడిన వెండిని అల్యూమినియం రేకు పరచిన గిన్నెలో, రేకుకు తగిలేటట్లు పెట్టి, లీటరు వేడినీటికి రెండు చెంచాల వంటసోడా చొప్పున కలిపి పోయాలి. కొన్ని నిమిషాలలో గంధకం వెండిని వీడి అల్యూమినియం వైపు చేరుతుంది. వెండి అరగదు. రాళ్ళు పొదిగిన నగలకు ఈ పద్ధతి పనికిరాదు.

రాళ్ళు, ముత్యాలు, పగడాలు: నిమ్మరసం, చింతపండు పులుపు ముత్యాన్నీ, పగడాన్నీ తినివేస్తుంది. లక్కతో బిగించిన రాళ్ళు వేడినీటికి వదులవుతాయి. వీటిని తడిగుడ్డతో తుడిస్తే చాలు.

కవరింగు నగలు: పైపూత పలుచన. స్నానానికి ముందే తీసి, చెమట తుడిచి, పొడిగా ఉంచాలి. రుద్దితే పూత పోతుంది.

భద్రపరచడం: ఏ నగకు ఆ నగను విడివిడిగా మెత్తని గుడ్డలో చుట్టాలి. వెండిని గాలి చొరని సంచిలో, తేమ పీల్చడానికి ఒక సుద్దముక్కతో పాటు ఉంచవచ్చు. రబ్బరు బ్యాండు చుట్టకూడదు; దానిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

హెచ్చరిక: మెరుగు పెడతామంటూ వీధిలో వచ్చే అపరిచితులకు నగ ఇవ్వకూడదు. మూడు పాళ్ళ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నత్రికామ్లం కలిసిన ద్రవరాజంలో బంగారం కరుగుతుంది. నగ మెరుస్తూనే తిరిగి వస్తుంది. కరిగిన బంగారం మోసగాని పాత్రలో మిగులుతుంది. తూకం వేసేవరకు ఇంటివారికి నష్టం తెలియదు. అట్టివారు వస్తే 100 లేదా 112కు తెలపాలి. అంగడిలో మెరుగు పెట్టించినా ముందూ వెనుకా కళ్ళెదుట తూకం వేయించి, రసీదు తీసుకోవాలి.

కొత్త నగ కొనేటపుడు ఆరు అక్షరాంకెల హెచ్‌యుఐడి గుర్తు చూడాలి. 2023 ఏప్రిల్ 1 నుండి హాల్‌మార్కు బంగారు నగలపై ఇది తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో దానిని సరిచూడవచ్చు. ఆ సంఖ్యనూ, నగ తూకాన్నీ ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుకొన్న కుటుంబం కుదువ వేళ తన సొత్తు విలువను తానే చెప్పగలదు.