తెలుగు నిద్ర లేచిన రోజు

నల్లకుంటలో అద్దె ఇల్లు మారినప్పుడల్లా పాలు పొంగించే మా అమ్మ, 2003లో నేను కంప్యూటర్లోకి విండోస్ ఎక్స్‌పీ ఎక్కిస్తుంటే "రాహుకాలం వెళ్ళనీరా" అంది. వెళ్ళాకే మొదలెట్టాను.

యూనికోడ్‌లో మన లిపికి 1991లోనే 128 గళ్ళు కేటాయించారు. విండోస్‌లోకి తెలుగు రావడానికి మాత్రం 2001 అక్టోబరులో ఎక్స్‌పీ విడుదల కావాల్సివచ్చింది. వచ్చిందన్నమాటేగాని నిద్రలోనే వచ్చింది. కంట్రోల్ ప్యానెల్లో భాషల గది వెతికి, ఒక గడిలో టిక్కు పెట్టి, సీడీ మళ్ళీ మింగిస్తేగాని లేవలేదు. ఫాంటు పేరు 'గౌతమి'. గోదావరి పేరే!

సంబరంగా నాన్నగారిని పిలిచాను. పాత విండోస్ 98లో ఆయన ఏడాదిపాటు టైపు చేసుకున్న చిన్ననాటి సంగతులు డీ డ్రైవులో భద్రంగానే ఉన్నాయి. తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు! అదివరకటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల నంబర్లకే మన అక్షరాల బొమ్మలు తగిలించేవి. అదీ ఏ ఫాంటు లెక్క దానిదే. నేను తుడిచేసిన సీ డ్రైవుతో ఆ ఫాంటు కాస్తా పోయింది. దాని ఫ్లాపీ ఎవరికిచ్చామో ఎవరికీ గుర్తులేదు.

నాన్నగారు ఒక్క మాట అనలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని కొత్త పేజీ తెరిపించారు.

"'అ' ఎక్కడుందిరా?"

ఇద్దరం వెతికాం. షిఫ్టు నొక్కి 'డి' కొట్టాలిట.