1,080 వరహాల బాకీ

విశ్వనాథ నాయకుడు మదుర పాలన చేపట్టింది 1529లో అని చరిత్రకారులు సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం, 2029 నాటికి అక్కడ తెలుగు నాయకుల ఏలుబడి మొదలై ఐదు వందల ఏళ్లు నిండుతాయి. ఆపై రెండేళ్లకు, 2031లో, అత్యల్పాభివృద్ధి దేశాల కోసం ఐక్యరాజ్యసమితి రూపొందించిన దోహా కార్యాచరణ ప్రణాళిక గడువు ముగుస్తుంది. ఆ దేశాలు తమ స్థూల దేశీయోత్పత్తిలో కనీసం 15 శాతం పన్నులుగా రాబట్టుకోవాలన్నది అందులోని లక్ష్యాల్లో ఒకటి.

పన్ను రాబట్టుకోవడమనే ఈ చిక్కును మదుర నాయకులు పంపకంతో దాటారు. విశ్వనాథుడూ, దళవాయి అరియనాథ మొదలియారూ రాజ్యాన్ని 72 పాళేలుగా విభజించారనీ, పాళెగాడు వసూలు చేసిన దానిలో మూడో వంతు మదురకు, మరో వంతు సైన్యానికి, మిగిలింది తనకు చెందేదనీ సంప్రదాయం చెబుతుంది. వసూళ్ల ఖర్చు లేకుండా రాబడి వచ్చే ఈ పద్ధతిలో, ఏ పొలం ఎవరు దున్నుతున్నారో రాజధానికి తెలిసే అవకాశం మాత్రం తక్కువ. తిరుమల నాయకుడి మహలు, రాణి మంగమ్మ బాటలు, సత్రాలు ఈ రాబడి మీదే లేచాయి. 1736లో నాయకుల పాలన అంతరించింది. ఆ తర్వాత ఈ సీమ దక్కిన ఆర్కాటు నవాబు ఈస్టిండియా కంపెనీకి అప్పుపడగా, 1792 ఒడంబడికతో పాళెగాళ్ల నుంచి పేష్కషు, అంటే కప్పం, వసూలు చేసుకునే హక్కు కంపెనీ చేతికి వచ్చింది.

పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు మాట్లాడే రాజకంబళం నాయకుల కుటుంబీకుడు. అతడు 3,310 వరహాలు బకాయి పడ్డాడని 1798లో కలెక్టరు జాక్సన్ లెక్క తేల్చి, రామనాథపురం వచ్చి తనను కలవమని ఆజ్ఞాపించాడు. వరహా అప్పట్లో సుమారు మూడున్నర రూపాయలు గనుక, ఒక సామ్రాజ్యం పరువు పణంగా పెట్టదగినంత మొత్తమేమీ కాదది. కట్టబొమ్మన బయలుదేరాడు, అయితే జాక్సన్ పర్యటనలో ఉండి దర్శనమివ్వకపోవడంతో, కుర్తాళం, శ్రీవిల్లిపుత్తూరు మీదుగా మూడు వారాలకు పైగా దొర వెంట తిరిగి, సెప్టెంబరులో రామనాథపురంలో అతణ్ణి పట్టుకోగలిగాడు. బాకీదారే వసూలుదారును వెతుక్కుంటూ తిరగడం పన్నుల చరిత్రలో అరుదైన దృశ్యమే. లెక్కలు చూస్తే చాలావరకు చెల్లించే ఉన్నాడని, మిగిలింది 1,080 వరహాలేనని తేలింది. అయినా అతణ్ణీ, మంత్రి శివసుబ్రమణ్య పిళ్లైనీ మూడు గంటలు నిలబెట్టి విచారించారు. బంధించబోతే కోట గుమ్మం దగ్గర జరిగిన పెనుగులాటలో లెఫ్టినెంటు క్లార్క్ చనిపోయాడు, కట్టబొమ్మన తప్పించుకున్నాడు, పిళ్లై పట్టుబడ్డాడు. విచారణ సంఘం పిళ్లైని విడిపించింది, జాక్సన్ ఉద్యోగం ఊడింది. కంపెనీ లెక్కల్లోనూ న్యాయానికి ఒక పద్దు ఉండేదన్నమాట. ఆ పద్దు ఏడాదిలోనే మూతపడింది. 1799లో మేజరు బానర్మన్ పాంచాలంకురిచ్చి కోటను ముట్టడించాడు. పుదుక్కోట రాజు పట్టించిన కట్టబొమ్మనను అక్టోబరులో కయత్తారులో ఉరితీశారు. పేచీ సొమ్ము మీద కన్నా, సొమ్ము అడిగే అధికారం ఎవరిది, అడిగే తీరేది అన్నదాని మీదే నడిచిందనడానికి ఆ మిగులు అంకే సాక్ష్యం.

మైసూరు పాలకుడు టిప్పు పతనంతో అదే 1799లో కోయంబత్తూరు కూడా కంపెనీపరమైంది. పొరుగున బారామహలులో తామస్ మన్రో నేర్చుకున్న రైతువారీ పద్ధతి, అంటే పొలం కొలిచి పాళెగాళ్ల లాంటి నడిమివాళ్లు లేకుండా రైతుతోనే శిస్తు నిర్ణయించుకోవడం, అతడు 1820లో గవర్నరు కావడంతో మద్రాసు రాజధానిలో స్థిరపడింది. శిస్తు భారంపై ఫిర్యాదులు మాత్రం ఆగలేదు.

ఆ తర్వాత కథ ఒక దారిన నడవదు. కోయంబత్తూరు తెలుగు కుటుంబాలు మిల్లులు, యంత్రాల వైపు మళ్లాయి, వారిలో పారిశ్రామికవేత్త జి.డి. నాయుడు అధిక పన్నులకు నిరసనగా తన తయారీ వస్తువులను జనం ఎదుట పగులగొట్టించాడు. 2017 జూలైలో వచ్చిన వస్తు సేవల పన్నులో ఆ ఊరికి పేరు తెచ్చిన రాతి గ్రైండరు మీద మొదట 28 శాతం పడింది. అదే ఏడాది నవంబరులో, యుద్ధ ట్యాంకులతో పాటు ఒకే జాబితాలో, 12కు తగ్గింది. 2019లో 5కు దిగి, 2022 జూలైలో 18కి ఎగబాకింది.