బిల్లింగ్స్‌గేట్ వేళకు

ఇంగ్లండు తూర్పు తీరాన, హంబర్ నది ఒడ్డున ఉన్న మా హల్ నగరంలో హెస్సిల్ రోడ్డు అంటే చేపల వేటకెళ్లేవాళ్ల పేట. ఈ ఊరి నుంచి ట్రాలర్లెక్కి తిరిగిరానివాళ్లు మొత్తం మీద ఆరు వేలమంది దాకా ఉంటారని ఇక్కడ చెప్పుకుంటారు. వాళ్ల కథ ఎవరు చెప్పినా ఒకటే వరస: ఉత్తర సముద్రం కర్కశమైనది, మనవాళ్లు ధీరులు, అల వచ్చింది, తీసుకుపోయింది. వాళ్ల ధైర్యాన్ని కాదనేవాళ్లెవరూ లేరు. అయితే ఈ వరసలో చెప్పుకుంటూ పోతే సముద్రం తప్ప మరో ముద్దాయి కనబడడు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఆవిరి ట్రాలర్ల మీద పని ఎలా నడిచిందో దగ్గరగా చూస్తే, ఆ ముద్దాయి పక్కన ఇంకొకరిని కూడా నిలబెట్టాలనిపిస్తుంది. లండన్‌లోని బిల్లింగ్స్‌గేట్ చేపల సంతకు వేళ తప్పకుండా సరుకు చేర్చాలని కంపెనీలు అల్లిన పని పద్ధతే ఆ రెండో ముద్దాయి.

ఉదాహరణకు వయోలా అనే ట్రాలర్‌ను తీసుకుందాం. 1906లో హల్‌కు ఎగువన బెవర్లీ ఊళ్లో కుక్, వెల్టన్ అండ్ జెమెల్ యార్డులో తయారైంది. అక్కడి చిన్న నది ఎంత ఇరుకంటే, ఓడను నిలువుగా దింపితే అవతలి గట్టుకు గుద్దుకుంటుంది. అందుకని పక్కవాటుగా నీళ్లలోకి జారవిడిచేవారు. దాని యజమాని హెలియర్ కంపెనీ ఒకే అచ్చులో యాభై దాకా ట్రాలర్లు చేయించి, వాటికి షేక్‌స్పియర్ పాత్రల పేర్లు పెట్టింది. వయోలా పొడవు నూరడుగులకు కాస్త ఎక్కువ. అందులో ఒక బాయిలరు, ఒక ఆవిరి ఇంజను, బొగ్గుగది, ఐసుతో నింపిన చేపలగది; మిగిలిన ఇరుకులో తొమ్మిది పదిమంది మనుషులు. అంతకు పాతికేళ్ల ముందు, 1881లో, హంబర్‌కు ఆవలి గ్రిమ్స్‌బీ నుంచి జోడియాక్ అనే ఆవిరి ట్రాలర్ వేటకు దిగింది. ఆ తర్వాత 1890ల్లో వల నోటిని తెరిచి ఉంచడానికి పెద్ద దుంగకు బదులు రెండు పక్కలా చెక్కపలకలు కట్టే పద్ధతి వచ్చింది. అక్కడి నుంచి తెరచాప పడవల కాలం చెల్లిపోయింది. ఆవిరి వల్ల వేగం పెరిగిందని అందరూ అంటారు. నా లెక్కలో అంతకన్నా పెద్ద మార్పు మరొకటి. తెరచాప పడవ వల లాగాలంటే గాలి ఉండాలి. గాలి పడిపోతే వలా ఆగేది, మనిషీ కాస్త నడుం వాల్చేవాడు. ఆవిరి ఆ విరామాన్ని తీసేసింది. బొగ్గు ఉన్నంతకాలం, రాత్రనక పగలనక, కొన్ని గంటలకోసారి వల తాళ్లను లాగే వించి మోగుతుంది, వల పైకొస్తుంది, మళ్లీ కిందికి పోతుంది. పడిన చేపల పొట్టలు చీల్చి, కడిగి, ఐసులో సర్దేలోపు మళ్లీ వించి మోగుతుంది. ఈ పనంతా పైకప్పు లేని డెక్కు మీదే, మంచుగాలిలోనే.

ఇలా వేట సాగించే వయోలా, పట్టిన చేపను తాను ఒడ్డుకు తెచ్చేది కాదు. అది బాక్సింగ్ ఫ్లీటులో, అంటే చేపను పెట్టెల్లో దాటించే ఓడల గుంపులో, ఒక నౌక. ఉత్తర సముద్రంలో డాగర్ బ్యాంకు అనే మెరక ప్రాంతంలో పదుల ట్రాలర్లు ఒక గుంపుగా వేటాడేవి. అడ్మిరల్ అని పిలిచే అనుభవజ్ఞుడైన స్కిప్పర్ పగలు జెండాలతో, రాత్రి రాకెట్లతో ఆజ్ఞలిచ్చేవాడు. వల ఎప్పుడు వేయాలో, ఎటు లాగాలో, ఎప్పుడు ఎత్తాలో అతనే చెప్పేవాడు. కట్టర్లనే వేగమైన ఆవిరి ఓడలు వంతులవారీగా వచ్చి అందరి చేపనూ ఎక్కించుకుని లండన్‌కు పరుగెత్తేవి. ట్రాలర్లు మాత్రం అక్కడే ఉండిపోయేవి, ఒక్కోసారి ఐదారు వారాలు. మరి ట్రాలర్ మీది చేప కట్టర్ మీదికి ఎలా చేరేది? పెట్టెల్లో నింపి, చిన్న తెడ్ల పడవలోకి దింపి, ఇద్దరో ముగ్గురో తెడ్లు వేసుకుంటూ వెళ్లి, ఊగిపోతున్న కట్టర్ పక్కన నిలిపి, ఒక్కొక్క పెట్టెనూ పైకి అందించేవారు. తొడల దాకా వచ్చే బూట్లు, ఒంటి మీద బరువైన నూనెగుడ్డలు. నీళ్లలో పడితే ఆ బూట్లే మనిషిని కిందికి లాగుతాయి. చుట్టూ పదుల పడవలు అదే పని మీద తోసుకుంటూ ఉంటాయి. కట్టర్‌కు వేళయిపోతే మిగిలిన చేప పాతబడుతుంది, ధర పడిపోతుంది. అందుకే సముద్రం ఎగిసిపడుతున్నా పడవ దించేవారు. వల లాగడంలో ప్రమాదం లేదని కాదు, వించి తాడుకు చిక్కి చేతులు పోయినవాళ్లున్నారు. కానీ ఈ పెట్టెల రవాణాలో మాత్రం వేటగాడు చేప కోసం కాక, గడియారం కోసం ప్రాణాన్ని పణంగా పెట్టాడు. ఎత్తున నిలిచే ట్రాలర్ తట్టుకోగల అలకు అతన్ని తెడ్ల పడవలో అప్పగించింది పని పద్ధతి.

అప్పటివాళ్లకు ఇది తెలియని విషయమేమీ కాదు. సముద్రపు వేటగాళ్ల సేవకు 1881లో ఏర్పడిన క్రైస్తవ మిషన్ తర్వాత ఆసుపత్రి ఓడలను నడిపి ఈ గుంపుల మధ్యే తిప్పింది. విల్‌ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ వంటి డాక్టర్లు వాటి మీద పనిచేశారు. ఒడ్డుకు వారాల తరబడి రానివాళ్లకు, రోజూ దెబ్బలు తగిలేవాళ్లకు తప్ప నడిసముద్రంలో ఆసుపత్రి ఎందుకు? 1904 అక్టోబరులో జపాను మీద యుద్ధానికి వెళుతున్న రష్యా నౌకాదళం, రాత్రిపూట ఇలాంటి గుంపుల్లో ఒకటైన హల్ గేమ్‌కాక్ ఫ్లీటును శత్రు టార్పెడో పడవలనుకుని ఫిరంగులు పేల్చింది. క్రేన్ అనే ట్రాలర్ మునిగిపోయింది. దాని స్కిప్పర్ జార్జి స్మిత్, థర్డ్ హ్యాండ్ విలియం లెగెట్ చనిపోయారు. గుళ్లు పడే వేళకు, నడిరాత్రి, మనుషులు దీపాల వెలుగులో చేపల పొట్టలు చీలుస్తున్నారు. వలలు నీళ్లలో ఉన్నాయి కాబట్టి పడవలు తప్పుకోలేకపోయాయి. దేశం అట్టుడికింది, పారిస్‌లో అంతర్జాతీయ విచారణ జరిగింది, రష్యా 66,000 పౌండ్ల పరిహారం కట్టింది. వయోలా నీళ్లలోకి దిగిన 1906లోనే హెస్సిల్ రోడ్డు మీద జార్జి స్మిత్ విగ్రహం వెలిసింది. ఆ విగ్రహం అక్కడ ఉండాల్సిందే. కాకపోతే పరదేశపు ఫిరంగికి పోయిన ప్రాణానికి నేరస్థుడు దొరికాడు, వెల కట్టారు. పెట్టెలు మోస్తూ మునిగిన కుర్రాడి ప్రాణం సముద్రం ఖాతాలో పడిపోయింది.

నా వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. తెరచాపల కాలంలో ఇంతకన్నా ఘోరంగా లేదా? 1883 మార్చి తుపానులో డాగర్ బ్యాంకు మీద హల్ పడవలు ఎన్నో జాడ లేకుండా పోయాయి. ఆవిరి నౌక గాలికి ఎదురీదగలదు, తుపాను నుంచి తప్పించుకోగలదు. నిజమే, అందువల్లనే నేను యంత్రాన్ని నిందించడం లేదు. పెట్టెల రవాణా కూడా తెరచాపల నాడే మొదలైంది, ఆవిరి దాన్ని వారసత్వంగా తీసుకుంది. యంత్రం ఇచ్చిన భద్రతను ఎక్కువ రోజులు, ఎక్కువ వలలు, ఎక్కువ పెట్టెలుగా మార్చుకున్నది యజమాని లెక్క. రెండో అభ్యంతరం: జీతం బాగుండబట్టే వెళ్లారు, బలవంతమేముంది? జీతం సంగతికొస్తే, 1901లో గ్రిమ్స్‌బీ యజమానులు స్థిరమైన కూలి తగ్గించి, అమ్మకంలో వాటా మీద ఆధారపడేలా కొత్త పద్ధతి తేబోతే నెలల తరబడి పని ఆగింది, సెప్టెంబరులో యజమానుల సంఘం ఆఫీసు తగలబడింది. వాటాకు పనిచేసేవాడు ఎంత అలసినా వల ఆపమనడు. కాకినాడ, విశాఖ బోట్ల మీద వాటాకు వెళ్లేవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. హెస్సిల్ రోడ్డు ఆడవాళ్లకు ఒక పట్టింపు ఉండేది: మగవాడు బయల్దేరిన రోజున ఇంట్లో బట్టలుతకకూడదు, ఉతికితే అతన్ని అల కడిగేస్తుందని. చావుకు కారణం వెతకడానికి మనుషులు ఎంత తపిస్తారో, అసలు చోట మాత్రం ఎందుకు వెతకరో ఇందులో కనిపిస్తుంది. యజమాని సముద్రాన్ని చూపించాడు, పేట ఇల్లాలి ఉతుకుతొట్టిని చూపించింది. కట్టర్ వేళల పట్టికను చూపించినవాళ్లు అరుదు.

మూడో అభ్యంతరం లండన్ నుంచి వస్తుంది: ఆ వేళలు లేకపోతే పేదవాడికి చవగ్గా చేప ఎలా దొరుకుతుంది? దీనికి జవాబు హల్‌లోనే ఉంది. అదే కాలంలో ఇక్కడి సెయింట్ ఆండ్రూస్ డాక్ నుంచి మరికొన్ని ట్రాలర్లు గుంపులో చేరకుండా ఒంటరిగా ఐస్‌లాండ్ దాకా వెళ్లి, చేపను ఐసులో వేసుకుని, రెండు మూడు వారాల్లో తామే ఒడ్డుకు తెచ్చేవి. అక్కడి నుంచి రైలెక్కేది. అంటే తెడ్ల పడవ లేకుండానే దేశానికి చేప పెట్టవచ్చు. ఒంటరి వేటలోనూ చావులున్నాయి, ఐస్‌లాండ్ మంచు ఎవరినీ కనికరించలేదు. కానీ బాక్సింగ్ ఫ్లీటు విడదీయరాని అవసరం కాదని, 1930ల్లో అది మూతపడ్డాక కూడా చేపా, సంతా రెండూ నడవడంతో తేలిపోయింది. ఆ తర్వాత కూడా నష్టాన్ని మనిషి మీదికే నెట్టే అలవాటు పోలేదు. 1976లో బ్రిటిష్ ట్రాలర్లకు ఐస్‌లాండ్ జలాలు మూసుకుపోయి హల్ వేట కుప్పకూలినప్పుడు, దశాబ్దాల పాటు పనిచేసినవాళ్లను రోజుకూలీలకింద లెక్కగట్టి ఉద్యోగ పరిహారం ఇవ్వలేదు. 2000లో ప్రభుత్వం వాళ్ల కోసం ఒక పరిహార పథకం ప్రకటించింది.

వయోలా మాత్రం బతికే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల వేటకు వెళ్లింది, తర్వాత నార్వేవాళ్ల చేతికి పోయింది, పేరు మార్చుకుని డియాస్ అయింది, దక్షిణ జార్జియా దీవిలో సీల్ వేటకు పనిచేసింది. ఆవిరి ఇంజనుతో సహా ఇప్పటికీ అక్కడి గ్రిట్వికెన్ ఒడ్డున ఉంది. దాన్ని హల్‌కు తీసుకురావాలని ప్రయత్నం సాగుతోంది. తెస్తే ఇంజనుకు, వించికి మెరుగు పెట్టి చూపిస్తారు, మంచిదే. దాని పక్కనే ఒక తెడ్ల పడవనూ, అందులో నాలుగు చేపపెట్టెలనూ, గోడ మీద లండన్ కట్టర్ల వేళల పట్టికనూ పెట్టాలని నేనడుగుతున్నాను.