రామగుండపు చక్రము – ఇంటి గడియారము

పూర్వులు అడుగున బెజ్జముగల గిన్నెను నీటిపై విడిచి, అది మునుగుటనుబట్టి గడియ నెంచిరి. ఇంటి కరెంటుతో నడచు గడియారములు కొన్ని తీగలోని ప్రవాహపు టూపుల నెంచును. మన దేశమున ఊపులు 50 అయిన నొక సెకను. ఇట్టి గడియారమును 1916లో అమెరికాలో హెన్రీ వారెన్ నిర్మించెను.

ఆ యూపులు పుట్టు తావులలో మన రామగుండ మొకటి. అచ్చటి తొలి 200 మెగావాట్ల యంత్రము 1983లో కదలెను. దాని చక్రము నిమిషమునకు 3000 మార్లు తిరుగవలెను. బరువు హెచ్చిన మోటయెద్దుల నడక మందగించునట్లు, వాడుక మితిమీఱిన చక్రములును మందగించును. 1990ల దశాబ్దమున దక్షిణదేశమందు ఊపులు తఱచుగా 49కి దిగువకు జాఱుచుండెను. దినమంతయు 49 యందే నిలిచినచో గడియారము 28 నిమిషముల 48 సెకన్లు వెనుకబడును. మన లెక్కలో గడియ పండ్రెండు విఘడియలు. అదే రీతి నాలుగు దినములు దిద్దకున్న లగ్నమే మాఱవచ్చును! అట్టి గడియారము చూచి బిడ్డ జననకాలము వ్రాసికొన్నచో, ఆ జాతకమును ఏ సిద్ధాంతి సరిచేయగలడు?

2003లో, ఊపులు తగ్గినవేళ మితిమీఱి వాడుకొన్నవారికి వెల హెచ్చించు పద్ధతి దక్షిణమునకు వచ్చెను, కొంత కుదుటపడెను. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు తీగతో దక్షిణజాలము దేశజాలముతో నొక్క కాడి క్రిందికి వచ్చెను. నాటినుండి రామగుండపు చక్రము గంగాతీరపు యంత్రములతో అడుగు కలిపి తిరుగుచున్నది. అయినను, నా గడియారమును రేడియో వేళతో సరిచూచుకొనుట నేను మానలేదు.