రూజ్‌వెల్ట్ బీపీ, నా బీపీ

మొన్న ఆఫీసు హెల్త్ క్యాంపులో నా బీపీ 152/98 వచ్చింది. "రిలీజు టెన్షన్ లెండి" అని నవ్వేసి సీటుకొచ్చేశా. రాత్రి రెండో ప్రపంచయుద్ధం గురించి చదువుతుంటే అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బీపీ అంకెలు కనబడ్డాయి. నవ్వు పోయింది.

1941లోనే ఆయనకి 188/105. సొంత డాక్టరు మెకింటైర్ ఆ వయసుకి మామూలే అనేవాడు. ఆయనొక్కణ్ణే తిట్టి లాభం లేదు. వయసుతో బీపీ పెరగడం సహజం, తగ్గిస్తేనే ప్రమాదం అని అప్పట్లో పేరున్న డాక్టర్లే నమ్మేవాళ్ళు. 1944 మార్చిలో గుండె డాక్టరు బ్రూయెన్ చూసేసరికే గుండె దెబ్బతింది. ఉప్పు, సిగరెట్లు తగ్గించమన్నాడు, రెస్టు తీసుకోమన్నాడు. బీపీని దించే సరైన మందు అప్పటికింకా లేదు మరి. 1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ తలనొప్పంటూ కూలిపోయాడు. అప్పుడు బీపీ 300/190. మెదడులో రక్తస్రావం. వయసు 63.

1948లో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 5,209 మందిని ఏళ్ళ తరబడి గమనించడం మొదలెట్టారు. బీపీ వయసు లక్షణం కాదు, గుండెపోటుకీ పక్షవాతానికీ దారి అని అక్కడ గట్టిగా తేలింది. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధతో బీపీ తగ్గుతోందని బ్రిటిష్ పత్రికలో రాశాడు. ఆ తర్వాత మందులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

అంత పెద్ద దేశాధ్యక్షుడికి దొరకని మాత్రలు ఇప్పుడు మా వీధి చివర షాపులో ఉన్నాయి. ఒక్క రీడింగుతో బీపీ అని తేల్చరు, నిజమే. కానీ సర్వర్ ఇంకా నడుస్తోంది కదా అని వార్నింగులు వదిలేస్తామా? రేపు డాక్టరు దగ్గరకెళ్తున్నా. ఆవకాయ సంగతి ఆయన్నే అడగాలి.