ట్రంకు పెట్టెలో టీవీ

టీవీ అంటే మనకు వార్తలు, సినిమాలు. కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ 1963లో పశ్చిమ జర్మనీలో టీవీ పెట్టెలనే చిత్రకళకు సాధనం చేసుకున్నాడు. తెరలను గది నిండా అమర్చి, చూసేవారిని నడుమ నిలబెట్టే వీడియో ఇన్‌స్టలేషన్ కళకు ఆద్యుల్లో ఆయన పేరే ముందు చెబుతారు.

మన దేశంలో ఈ దారి తొక్కిన తొలి తరంలో నళినీ మలానీ ఒకరు. 1946లో కరాచీలో పుట్టారు. మరుసటి ఏడే దేశ విభజన. కుటుంబం కలకత్తా చేరింది. 1998లో పోఖ్రాన్ అణుపరీక్షల తరువాత, మంటో రాసిన 'టోబా టేక్ సింగ్' కథను తలచుకుంటూ ఆమె ఒక గదినే కళాఖండం చేశారు. రేకు ట్రంకు పెట్టెలు, వాటిలో టీవీలు. ఎదురెదురు గోడల మీద ఇద్దరు స్త్రీలు, ఒకరు భారత్, ఒకరు పాకిస్తాన్. ఒకే చీరను మడవాలని చూస్తారు.

చాకవేలులో మనకు పొలిమేర దాటడమంటే బస్సెక్కి కదిరికి పోయి రావడమే. చీర మడవడానికి రెండో మనిషి ఉంటే బాగుంటుందని మాత్రం ఏ ఇల్లాలికి తెలియదు? అక్కడ ఆ ఇద్దరి మధ్య గది ఉంది, పెట్టెలున్నాయి, చూసేవారున్నారు.