ఉమ్మడి ఎనుము

"ఉమ్మడి ఎనుము పుచ్చి చచ్చింది" అనేది మా అవ్వ. తోడికోడళ్ళిద్దరూ కలిసి ఆవకాయ పెట్టుకుంటామన్నా అదే మాట, అన్నదమ్ములు కలిసి బోరు వేయించుకుంటామన్నా అదే మాట. మా చిత్తూరు వైపు గేదెను ఎనుము అంటాం లెండి. నలుగురిదీ అయిన గొడ్డుకు మేత వేసే వంతు ఎవరిదో తేలదు. పాలు పితుక్కోడానికి మాత్రం నలుగురూ చెంబులు పట్టుకుని వస్తారు. చివరికి ఆ నోరులేని జీవం ప్రాణం మీదికి వస్తుందని భావం. అవ్వ మాటకు ఎదురు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది గనుక, నేనూ చాలాకాలం అదే నిజమనుకున్నాను.

ఆ సామెత మళ్ళీ గుర్తొచ్చింది శ్రీకాళహస్తిలో, కలంకారీ పని చేసే ఒకావిడ ఇంటి వసారాలో. గుర్తు రావడానికి కారణం కూడా ఎనుమే! మేం వెళ్ళేసరికి ఆవిడ గంగాళంలో కరక్కాయ పొడి కలిపిన పాలలో తెల్లగుడ్డ ముంచి పిండుతూ ఉంది. వాసన గుప్పుమంది.

"ఆవుపాలు కాకూడదా?" అన్నాను, మర్యాదకు ఏదో ఒకటి అడగాలని.

"కాదమ్మా, ఎనుము పాలే కావల్ల. ఆ చిక్కదనం ఉంటేనే గీసిన గీత గీసినట్టు నిలుస్తాది. లేకుంటే రంగు పాకిపోతాది" అంది.

తర్వాత కసిమి చూపించింది. తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి మూడు వారాలు ఊరబెడితే వచ్చే నీరు అది. ఊరగాయలా దానికీ ఒక పాకం ఉందన్నమాట. కలంతో గీసినప్పుడు వెలిసిపోయిన సిరాలా ఉంటుంది. గుడ్డలోని కరక్కాయ వగరు తగిలాక మన కళ్ళముందే నల్లబడుతుంది. ఎరుపుదీ వింత సంగతే. ఎర్రగా ఉండాల్సిన చోట ముందు పటికనీళ్ళు పూస్తారు. తర్వాత గుడ్డనంతా వేరు రంగులో ఉడకబెడితే, పటిక తగిలినచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఒక రంగు వేయడం, పారే నీళ్ళలో ఉతకడం, ఆరబెట్టడం, మళ్ళీ ఇంకొక రంగు. స్వర్ణముఖిలో నీళ్ళు లేని రోజుల్లో, నీళ్ళున్నచోటు వెతుక్కుంటూ గుడ్డల మూటలతో పోవాల్సిందే.

నేనూ ఒక గీత గీస్తానన్నాను. నవలలు రాసిన చెయ్యి కదా అని ధీమా! వెదురుపుల్లకు చుట్టిన ఉన్నిని ఎంత నొక్కాలో తెలియక సీతమ్మవారి కనుబొమ్మ గీయబోయి గొంగళిపురుగును గీశాను. పక్కన పని నేర్చుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు ముఖాలు తిప్పుకుని నవ్వుకున్నారు.

"ఇది మీ బడా?" అన్నాను, సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి.

"బడేమిటమ్మా, ఇల్లే. పొయ్యి మీద అన్నం దించి, అదే పొయ్యి మీద రంగు పెడతాం" అందావిడ.

ఆ జవాబు నాతోపాటు ఇంటికి వచ్చేసింది. బడి అన్నది ఒకటి ఉంటే అది ఎవరిదై ఉండాలి? సర్కారుదా, షావుకారుదా, నేర్పే పంతులమ్మదా?

కొంచెం వెనక్కి వెళ్దాం. మచిలీపట్నంలో అచ్చులతో అద్దేది అద్దకం. మన కాళహస్తిలో చేత్తో రాసేది వ్రాతపని. రామాయణం, భారతం గుడ్డమీద గడులు గడులుగా గీసి, కింద తెలుగులో కథ రాసి, గుళ్ళలో వేలాడగట్టేవారు. రాజుల ఆదరణ తగ్గి, మిల్లు గుడ్డలు వచ్చిపడి, ఇరవయ్యో శతాబ్దం నడిమికి ఆ పని తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది మిగిలారు. 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడి కమలాదేవీ చట్టోపాధ్యాయ దానికి అధ్యక్షురాలయ్యారు. ఆవిడ చొరవతో 1957 ప్రాంతంలో కాళహస్తిలో శిక్షణ కేంద్రం వెలిసింది. అందులో నేర్పిన పెద్దాయన జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు. వారి కుమారుడు గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క బడి పెడితే చచ్చిపోబోయే విద్య బతికింది. ఈవేళ ఊళ్ళో కలం పట్టేవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో. ఒకప్పుడు మగవాళ్ళ విద్య అనుకున్నది ఇంటి వసారాల్లోకి వచ్చింది.

అయితే ఏ మాటకామాటే చెప్పుకోవాలి. బడి విద్యను బతికిస్తుంది గానీ, విద్యావంతురాలిని బతికించడం వేరే సంగతి. నేర్చుకున్న పిల్ల ఎక్కడికి పోతుంది? ఆర్డరు తెచ్చేవారి దగ్గరికి. కొంగుకు ఇంత, అంచుకు ఇంత అని కూలి. గుడ్డ బెంగుళూరో హైదరాబాదో చేరేసరికి ధర ఎన్ని రెట్లయిందో గీసిన చేతికి తెలియదు. 2005-06లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. అయినా యంత్రం మీద అచ్చువేసిన చీరను 'కలంకారీ' అని అమ్మడం ఆగలేదు. మనం కొనడమూ మానలేదు. నా బీరువాలోనూ అలాంటివి రెండున్నాయి.

ఇక్కడే నాకు స్పెయిన్ దేశంలోని మోండ్రగాన్ గుర్తొచ్చింది. బాస్కు జాతివారి కొండప్రాంతంలో చిన్న ఊరు. అంతర్యుద్ధంలో చితికిపోయిన ఆ ఊరికి హోసే మరియా అరిస్మెండియారియెటా అనే చర్చి ఫాదరు వచ్చాడు. (పేరు పలకడానికి నాకూ రెండుసార్లు నీళ్ళు తాగాల్సొచ్చింది!) 1943లో ఆయన ఒక చిన్న వృత్తివిద్యా పాఠశాల పెట్టాడు. పని నేర్పడంతో ఊరుకోక, పనిచేసేవాళ్ళే యజమానులు కావాలని కూడా బోధించాడు. పదమూడేళ్ళ తర్వాత, 1956లో, ఆయన శిష్యులు ఐదుగురు కలిసి ఉల్గోర్ అనే పేరుతో తమదైన సంస్థ మొదలుపెట్టారు. మొదట్లో ఏం చేశారనుకున్నారు? కిరసనాయిలు స్టవ్వులు! ఆ స్టవ్వుల నుంచి ఎన్నో ఫ్యాక్టరీలు, ఒక బ్యాంకు పుట్టాయి. ఆ ఫాదరు బడి 1997లో విశ్వవిద్యాలయంలో భాగమైంది. అదీ సహకార సంస్థే. పాఠం చెప్పేవారు అక్కడ జీతగాళ్ళు మాత్రమే కారు, సభ్యులు కూడా. ప్రతి సభ్యుడికీ ఒక్కటే ఓటు.

"ఆ దేశంలో జరిగింది, మన దగ్గర జరుగుతుందా?" అని మీరంటారని తెలుసు. మా అవ్వయితే వెంటనే ఎనుమును తోలుకొచ్చేది. నేనూ ఎనుముతోనే జవాబు చెబుతాను.

మన చిత్తూరులో పెట్టిన సహకార డెయిరీ ఒకప్పుడు జిల్లాకే పేరు తెచ్చింది. 2002లో మూతపడింది. ఎందుకు పడిందో ఎవరికి తోచిన కారణం వారు చెబుతారు. అదే 2002లో, అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో పల్లెటూరి ఆడవాళ్ళు తమ సొంత సహకార డెయిరీ నడపడం మొదలుపెట్టారు. ఆ ఊళ్ళో 1956 నుంచే రైతుల సహకార బ్యాంకు ఉంది. మోండ్రగాన్‌లో స్టవ్వులవాళ్ళు మొదలుపెట్టిన సంవత్సరమే! ఈ ఆడవాళ్ళు ముందు కొన్నేళ్ళు పొదుపు సంఘాల్లో కూర్చున్నారు. నెలనెలా కాసిని రూపాయలు కట్టి, అప్పు ఎలా ఇవ్వాలో, లెక్క ఎలా అడగాలో నేర్చుకున్నారు. సర్కారు వాటా లేకుండా సభ్యులే నడుపుకొనే సంఘాలకు 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం దారి చూపింది. పాలకంటే ముందు పాఠం వచ్చిందన్నమాట.

అవ్వ ఎనుముకు ఏం లోటో అప్పుడు తెలిసింది నాకు. అది నలుగురిదీ కావడం దాని తప్పు కాదు. మేత లెక్క రాసిన పుస్తకం లేదు. వంతు తప్పినవారిని అడిగే హక్కు ఎవరికీ లేదు. అడగడం నేర్పినవారూ లేరు.

రెండోసారి కాళహస్తికి వెళ్ళినప్పుడు ఇదంతా ఆవిడతో చెప్పాను. మీలో ఐదారుగురు నేర్పగలవాళ్ళు కలిసి బడి పెట్టుకుంటే, కరక్కాయలూ పటికా గుడ్డా ఒక్కచోట కొని, ఇంత తక్కువకు ఇవ్వమని అందరూ ఒక్కమాట మీద నిలబడితే ఎలా ఉంటుందని అడిగాను. ఆవిడ చెయ్యి ఆపకుండా వింది.

"కలిసేదానికేమమ్మా, కలుస్తాం. ఆర్డరు లేని మూడు నెలలు పిల్లలకి కూడెట్లా అనేదొకటి. అందురిలో ఒకరు తక్కువకి ఒప్పుకుంటే, మిగతా వాళ్ళ గతేమి అనేది ఇంకొకటి. ఇవి రెండూ చెప్పు, రేపే పెడతాం" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ మొదటి మూడు నెలల కోసమే పొదుపు, ఆ రెండోదాని కోసమే కట్టుబాటు అని పుస్తకాల్లో ఉంది. కానీ పుస్తకం చదివినదాన్ని నేను, పస్తు తెలిసింది ఆవిడకు. అందుకని ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఒక గుడ్డ మాత్రం చెప్పి వచ్చాను. మూల మీద గీసినవారి పేరు రాయమన్నాను. "ఒకరి పేరెట్ల రాస్తామమ్మా? గీసేది నేను, రంగు మా కోడలు, ఉతికేది ఎదురింటామె" అంది. అందరి పేర్లూ రాయమన్నాను. ఆ పిల్లలిద్దరూ మళ్ళీ నవ్వారు. ఈసారి ముఖాలు తిప్పుకోలేదు. తమ పేర్లు కూడా ఉంటాయా అని అడిగారు.